ఊ కొట్టిన స్పీకరు

దయ్యాల కబుర్లు ఎవరు చెప్పినా నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేను చూసింది ఏమీ లేదు, విన్నాను, అంతే.

చాలా ఏళ్లు రేడియోలు, టేపురికార్డర్లు, టీవీలు విప్పి బిగించి బతికాను. పెట్టెలోంచి వచ్చే చప్పుడు ఏదైనా సరే, దానికి కారణం చెప్పగలనని నాకు గర్వం ఉండేది. బుయ్‌మని మోగితే కండెన్సరు పోయింది. గరగరలాడితే వాల్యూం కంట్రోలులో దుమ్ము. ఆగి ఆగి పలికితే ఎక్కడో టంకం ఊడింది. నేను కారణం చెప్పలేకపోయిన చప్పుడు ఒక్కటే ఉంది. దాని వెనక నేను చేసిన తప్పు ఉంది. తప్పు దాచిపెట్టి చప్పుడు సంగతి మాత్రమే చెబితే అది మళ్లీ అబద్ధమే అవుతుంది. అందుకని రెండూ చెబుతాను.

మాది పార్వతీపురం దగ్గర పల్లె. తొంభైల మొదట్లో హుకుంపేట వచ్చి, సంత జరిగే మైదానం పక్కన రేకుల షెడ్డులో రిపేరు షాపు పెట్టాను. కొండ ఊళ్లలో కరెంటు తక్కువ. బ్యాటరీలతో నడిచే రేడియోలే నాకు ఆధారమని లెక్క వేసుకున్నాను. కానీ మొదట్లో ఎవరూ రాలేదు. అంతకు ముందు కింద మైదానపు ఊళ్ల నుంచి వచ్చినవాడొకడు రిపేరుకని సెట్లు పోగుచేసుకుని ఉడాయించాడట. కొండ ఊళ్ల వాళ్లు సంతకి వచ్చి, నా షాపు ముందు నిలబడి, లోపలికి తొంగి చూసి వెళ్లిపోయేవారు.

అలా వెళ్లిపోకుండా లోపలికి వచ్చి కూర్చున్న మొదటి మనిషి పాంగి దాసు. అందరూ దాసు తాత అనేవారు. ఆయన ఊరికి వెళ్లాలంటే రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి కొండెక్కాలి. తన రేడియో నా బల్ల మీద పెట్టి, నేను బాగుచేసినంత సేపూ కదలకుండా కూర్చుని, అది పలికాక పట్టుకుని వెళ్లాడు. పై సంతకి ఆ చుట్టుపక్కల ఊళ్ల రేడియోలన్నీ నా షాపుకి వచ్చాయి. ఆయన ఏం చెప్పాడో నాకు తెలియదు. ఏజెన్సీలో నాకు అన్నం పుట్టిందంటే ఆయన వల్లే. ఇది ముందే చెప్పాలి.

తాత రేడియో వినే పద్ధతి చూసి జనం నవ్వేవారు. సెట్టుని చెవికి ఆనించుకుని, వార్తలు చదివే మనిషి ఒక్కో వాక్యం ముగించగానే "ఊ" అనేవాడు. ఎదురుగా కూర్చుని ఎవరో కథ చెబుతుంటే వినేవాడు ఎలా ఊ కొడతాడో అలాగ. వ్యవసాయం కబుర్లకీ, వాతావరణానికీ, మాట అన్నదానికల్లా ఊ కొట్టేవాడు. పాటలకి మాత్రం లేదు. పాట వస్తే సెట్టు ఒళ్లో పెట్టుకుని ఎటో చూసేవాడు.

"తాతా, నువ్వు ఊ అన్నావని ఆడికి ఇనబడతాదేటి?" అని ఒకసారి ఎవరో ఎగతాళి చేశారు.

"ఊ అనకపోతే సెప్పీవోడు ఆగిపోతాడు," అన్నాడు తాత.

కొన్నేళ్ల తర్వాత ఒక వానాకాలం ఆయన జ్వరంతో పోయాడు. నాకు సంతలో తెలిసింది. ఆ పై సంతకి ఆయన భార్య బుద్రమ్మ ఆ రేడియోని పాత గుడ్డలో చుట్టుకుని నా షాపుకి వచ్చింది.

వాళ్ల ఊరి పద్ధతి ఒకటుంది. మనిషి పోతే అతను వాడుకున్న వస్తువులు ఇంట్లో ఉంచుకోరు. తాగిన సొరకాయ బుర్ర, వండుకున్న కుండ, కప్పుకున్న దుప్పటి, అన్నీ పగలగొట్టో చింపో, కప్పెట్టిన చోట వదిలేసి వస్తారు. మంచిగా ఉన్నదాన్ని ఉన్నట్టే వదలకూడదు. పాడుచేస్తేనే అది అతనికి చేరుతుంది, అప్పుడే అతను ఇల్లు వదిలి వెళతాడు. తాత వస్తువులన్నీ అలాగే చేశారు. రేడియో దగ్గర వాళ్లకి చిక్కొచ్చింది.

"కుండైతే మేమే పగలగొట్టీసుకుంతాం," అంది బుద్రమ్మ. "ఇది పైన పగిలినా లోపల బతికే ఉంటాదేమో, మాకు తెల్దు. దీని పేనం ఎక్కడుంతాదో నీకే తెలుసు. నువ్వే తీసీ, బాబూ."

ఆ రోజుల్లో మా హుకుంపేటలో సింహాచలం అనే అతనికి టీ హోటలుండేది. రేడియో కూడా కలిసి ఉన్న అతని టేపురికార్డరులో స్పీకరు చిరిగిపోయి నా దగ్గర పడి ఉంది. కొత్త స్పీకరు విశాఖపట్నం నుంచి రావాలి. తాత సెట్టులో ఉన్న స్పీకరు అంతకు ముందు ఏడే నేను వేసింది. పెద్ద అయస్కాంతం, గట్టి కాగితం, మంచి సరుకు.

రిపేరు పనిలో ఉన్నవాడు పనిచేసే పార్టుని పారేయడు. చచ్చిన సెట్టు కడుపులోంచి తీసి బతికే సెట్టుకి వేస్తాడు. మా గురువు నాకు నేర్పిన మొదటి పాఠం అదే. దాన్ని మేము దొంగతనం అనుకోం, పొదుపు అనుకుంటాం. ఆ పూట కూడా నేను దొంగతనం చేస్తున్నాననుకోలేదు.

సంత చేసుకుని రమ్మని బుద్రమ్మని పంపాను. ఆవిడ వెళ్లగానే తాత స్పీకరు విప్పి పక్కన పెట్టి, సింహాచలం చిరుగు స్పీకరుని ఆ పెట్టెలో బిగించాను. ఆవిడ తిరిగి వచ్చాక, ఆవిడ ఎదురుగానే సుత్తితో పెట్టె, బోర్డు, ఆ చిరుగు స్పీకరు అన్నీ నుగ్గు చేశాను. "ఇంక దీని ప్రాణం పోయింది" అని కూడా అన్నాను. బల్ల కిందకి ఎగిరిన ముక్కల్ని సైతం ఆవిడ వంగి ఏరుకుని గుడ్డలో కట్టుకుంది. వెళ్లేముందు నా బల్ల మీద ఒక గుమ్మడికాయ పెట్టింది. తీసుకున్నాను. ఆ రాత్రి మా ఇంట్లో దప్పళం.

తాత స్పీకరుతో సింహాచలం సెట్టు గణగణ పలికింది. కొద్ది వారాల తర్వాత అతను నా షాపు గుమ్మంలో నిలబడ్డాడు.

"గురూ, ఏటెట్టేవు నా సెట్టులో? వార్తల మజ్జిన ఎవుడో ఊ కొడతన్నాడు."

నేను నవ్వాను. కరెంటు సరిగ్గా వడపోత కాకపోతే సెట్టు ఊమని మూలుగుతుంది, అది మామూలేనని చెప్పి కండెన్సరు మార్చాను. అయినా తగ్గలేదన్నాడు. మళ్లీ విప్పాను. టంకాలన్నీ కొత్తగా వేశాను. నా షాపులో పెట్టి వింటే శుభ్రంగా ఉండేది, అతని హోటల్లో పెడితే ఊ కొట్టేది. నా షాపులో నేను సెట్లని పాటలు పెట్టి పరీక్షించేవాణ్ణని నాకప్పుడు తట్టలేదు.

టీకి వచ్చేవాళ్లకి అదొక వేళాకోళం అయింది. సింహాచలం అయితే, "మా ఆడది కూడా నా మాట ఇంత బుద్ధిగా ఇన్నేదు," అని అందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఒకరోజు పొద్దున్న నలుగురం టీ తాగుతున్నాం. మాట కొండ ఊళ్ల పద్ధతుల మీదకి పోయింది. అప్పుడు నేను ఆ కథ చెప్పాను. దాసు తాత పేరు చెప్పలేదు, అంతవరకే సిగ్గు. ఒక ముసలమ్మ రేడియో ప్రాణం తియ్యమని తెచ్చిందని, నేను చిరుగు స్పీకరుని పగలగొట్టి చూపించానని, ఆవిడ ముక్కలేరుకుని పైగా గుమ్మడికాయ ఇచ్చిందని, ఆవిడలా వంగి చూపించి మరీ చెప్పాను. అందరూ నవ్వారు. నవ్వులు ఆగిన చోట, చిన్న ఖాళీలో, "ఊ" అని వినిపించింది.

గట్టిగా కాదు. ఒక ముసలి గొంతు, ముక్కుతో కలిపి అన్నట్టు. కోపం లేదు, ఏడుపు లేదు. తర్వాత ఏమైందో చెప్పు అన్నట్టుంది.

సింహాచలం చేతిలో గరిటె ఆగిపోయింది. పొద్దుటి నుంచి కరెంటు లేదు. అతను వెళ్లి సెట్టు వెనక తీగ పట్టుకుని లాగాడు. దాని కొస చేతికి వచ్చింది, అసలు ప్లగ్గులోనే లేదు. బ్యాటరీల అర తెరిస్తే ఖాళీ. ఒకాయన టీ సగంలో వదిలేసి వెళ్లాడు.

అదే రోజు మధ్యాహ్నం ఆ స్పీకరు తీసేసి, నా సొంత సెట్టులోది విప్పి సింహాచలానికి వేశాను. అప్పుడే సుత్తితో ఒక్క దెబ్బ వేసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. వెయ్యలేదు. వేస్తే నేను నమ్మినట్టవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, పనిచేసే స్పీకరుని పగలగొట్టడానికి చెయ్యి రాలేదు. షాపులో ఉంచుకోవడానికి ధైర్యమూ చాలలేదు. పేపర్లో చుట్టి పై అరలో పెట్టి, దాని కింద కూర్చుని పనిచేసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు.

ఆ తర్వాత అరకు వెళ్లే దారిలో ఉన్న ఒక పిల్లల హాస్టలు నుంచి బ్లాక్ అండ్ వైట్ టీవీ రిపేరుకి వచ్చింది. దాని స్పీకరు పోయింది. తాత స్పీకరు అందులో బిగించి పంపేశాను. నా కప్పు కింద నుంచి పోతే చాలనుకున్నాను. అది పిల్లలుండే చోటని కూడా ఆలోచించలేదు.

తాత పోయిన ఏడాదికి బుద్రమ్మ మళ్లీ వచ్చింది.

కొండ మీద ఏ పంట వచ్చినా కొత్త పండగ చేసి, పెద్దలకి పెట్టాకే తింటారు. కంది కొత్త, చిక్కుడు కొత్త, కొర్ర కొత్త, ప్రతిదానికీ ఉంటుంది. పోయిన మనిషికి దారి అయితేనే, అంటే అతను ఇల్లు వదిలి పెద్దల్లో కలిస్తేనే, ఆ ఇంటికి కొత్త తినే అర్హత వస్తుంది. ఊళ్లో పూజలు చేసే పెద్దని దిసారి అంటారు. ఆ దిసారి ఆకు దొన్నెలో నీళ్లు పోసి బియ్యం గింజలు వదిలి చూసి, దాసుకి దారి కాలేదన్నాడట. ఆయనది ఏదో పగలకుండా మిగిలి ఉందన్నాడట. ఇల్లంతా వెతికారు. కుండలు, బుర్ర, దుప్పటి, గొడ్డలి కామ, అన్నీ వాళ్ల చేతులతో పాడుచేసినవే. ఇంకొకరి చేతితో పాడైంది రేడియో ఒక్కటే.

"నువ్వు పగలగొట్టింది ఆయనదే గదా, బాబూ?" అని అడిగింది.

"ఆయనదే," అన్నాను.

ఆవిడ తల ఊపి వెళ్లిపోయింది. నా మాట నమ్మింది. నన్ను నమ్మమని ఊరికి చెప్పింది వాళ్లాయనే కదా. నన్ను నమ్మింది కాబట్టి, లోపం తన ఇంట్లోనే ఉందని అనుకుంది. ఈ సంగతి నాకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది.

ఊరు ఆవిడని తిట్టలేదు, తరిమేయలేదు. కొత్త పండగనాడు అందరి ఆకుల్లో పెట్టినట్టు ఆవిడ ఆకులో పెట్టేవాళ్లు కాదు, అంతే. కొడుకు, కోడలు వేరే ఇంట్లో ఉండేవారు కాబట్టి వాళ్లకి అడ్డులేదు. ఆవిడ మాత్రం పాత గింజలతో గడుపుకునేది. అవి అయిపోతే రేషను డిపో బియ్యం. పొలంలో తను విత్తి, తను కాపలా కాసిన పంట కళ్లముందు పండి, ఇంటికొచ్చి, ఆవిడ నోటికి మాత్రం వెళ్లేది కాదు.

ప్రతి సంతకీ నా షాపు ముందునుంచే వెళ్లేది. "బాగున్నావా బాబూ" అని పలకరించేది. నేను ఏదో ఒక టీవీ వెనక తల దూర్చి పనున్నట్టు నటించేవాణ్ణి.

రెండువేలు దాటాక నా పని మారిపోయింది. కలర్ టీవీలొచ్చాయి, డిస్కులొచ్చాయి, ఆఫీసుల్లోకి కంప్యూటర్లు దిగాయి. పాతవి బాగుచేయించుకునేవాళ్లు లేరు, వదిలించుకునేవాళ్లే. నేను పాత సెట్లు, మానిటర్లు, ప్రింటర్లు కొనే మనిషినయ్యాను. రాగి తీగల్ని గెడ్డ ఒడ్డున కుప్పవేసి కాల్చేవాణ్ణి. పైన తొడుగు నల్లటి పొగై పోతే రాగి మిగులుతుంది. పిక్చర్ ట్యూబులు పగలగొట్టి మెడ దగ్గరి రాగి చుట్ట తీసుకుని, గాజు అక్కడే వదిలేసేవాణ్ణి. బ్యాటరీల యాసిడ్ మట్టిలో పోసేవాణ్ణి. కింద ఊళ్లవాళ్లు తాగే నీళ్లవి. అది తప్పని అప్పుడు ఎవరూ చెప్పలేదని ఇప్పుడంటే అది కూడా ఒక సాకే. చేపలు తేలడం నేను చూశాను. చూసి, ఇంకో చోటికి మారాను.

ఒక సంతనాడు బుద్రమ్మ కోడలు కొండమ్మ చెడిపోయిన టేపురికార్డరు అమ్మడానికి వచ్చింది. అత్త ఎలా ఉందని మాటవరసకి అడిగాను.

"మంచం పట్టింది," అంది కొండమ్మ. "మందులు రాసినారు. కాళీ కడుపుతో ఏసుకుంతాది, కక్కీస్తాది. ఇంట్లో పాత గింజ నేదు, డిపో ఈ నెల తెరవనేదు. కంది కొత్త అయిపోనాది, కుండెడు ఉడకబెట్టి పట్టుకెల్తే మొగం తిప్పీసింది. ఆయనకి దారవనేదు, నాకెందుకు అంతాది. మావయ్యది ఏటి మిగిలిపోనాదో మాకెవులికీ తెల్దు."

తెలిసిన మనిషి ఆవిడ ఎదురుగా త్రాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

టేపురికార్డరు తీసుకుని ఆవిడని పంపేశాను. షాపు మూసి బండి మీద హాస్టలుకి వెళ్లాను. ఆ పాత టీవీ ఉందా అని వార్డెన్ని అడిగాను. కలరు టీవీ వచ్చాక పాతదాన్ని పాడేరులో ఒక ఆఫీసు స్టోరు గదికి పంపేశారట. దానితో ఏమైనా ఇబ్బంది వచ్చేదా అని అడిగాను. ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వాడు.

"ఇబ్బందేమీ లేదండీ. కరెంటు లేనప్పుడు పిల్లలు దాని ముందు కూర్చుని పాఠాలు అప్పజెప్పేవారు. ఊ కొడుతుందని వాళ్ల మాట. భయం లేదు సరికదా, వరసలు కట్టి కూర్చునేవారు. నేనే కేకలేసి మాన్పించాను."

ఆయనకి నా కథేమీ తెలియదు. నేను ఊ అనే మాట ఎత్తనేలేదు.

మర్నాడే పాడేరు వెళ్లాను. అంతకు ముందు అక్కడ సరుకు ఎత్తిన పరిచయం ఉంది కాబట్టి అటెండరు తాళం తీశాడు. ఆ గదిలో సరుకంతా వేరే పాటదారు వేలంలో పాడుకున్నాడని, సాయంత్రానికి లారీ వస్తుందని చెప్పి, అన్నానికి వెళ్లిపోయాడు. లారీ ఎక్కితే ఆ స్పీకరు ఏ ఊళ్లో ఏ పొయ్యిలో పడుతుందో ఎవరికీ తెలియదు. తాతకి ఇంకెప్పటికీ దారి అవదు, బుద్రమ్మకి కొత్త ఉండదు.

మిట్టమధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ పడుతోంది. గదిలో కరెంటు బోర్డే లేదు. మానిటర్లు, కీబోర్డులు, యాసిడ్ కారుతున్న బ్యాటరీలు, వాటి మధ్య అన్ని హాస్టళ్ల నుంచీ పోగైన టీవీలు. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే చెక్క పెట్టె. మీద రాసిన పేర్లు చెమ్మకి అలుక్కుపోయాయి. నా టంకం చూస్తే గుర్తుపట్టగలను, కానీ ప్రతిదీ విప్పాలి. మరలు తుప్పు పట్టి కదలడం లేదు. మొదటిది విప్పేసరికే చేతులు బొబ్బలెక్కాయి. అది కాదు. రెండోదీ కాదు.

నాకు ఏడుపొచ్చింది. "తాతా, ఎక్కడున్నావో చెప్పు, తప్పయిపోయింది," అన్నాను పైకే. ఏమీ లేదు. అవసరం అలాంటిదని, లోకంలో అందరూ చేసేదేనని, ఏవేవో చెప్పి బతిమాలాను. గదిలో చిన్న చప్పుడు కూడా లేదు.

అప్పుడు, ఎందుకో నాకే తెలియదు, ఒక పాత మానిటరు మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పడం మొదలుపెట్టాను. బతిమాలుతున్నట్టు కాదు, వార్త చెప్పినట్టు. "నువ్వు పోయాక పై సంతకి నీ ముసల్ది నా దగ్గరికి వచ్చింది."

"ఊ."

పారిపోవాలనిపించింది. కానీ నేను ఆగితే అదీ ఆగిపోతుంది. "రేడియో గుడ్డలో చుట్టి తెచ్చింది," అన్నాను. "ఊ." గోడ వైపు నుంచి. లేచి అటు జరిగాను. సంత చేసుకు రమ్మని పంపించానని చెప్పాను. స్పీకరు మార్చానని చెప్పాను. సుత్తి, ఆవిడ వంగి ఏరుకున్న ముక్కలు, టీ హోటల్లో నేను చేసిన ఎగతాళి, "ఆయనదే" అని ఆడిన అబద్ధం, పాత గింజలు, మంచం. ఒక్కో వాక్యానికీ ఒక్కో ఊ. ఎక్కడా తొందర లేదు, తప్పుపట్టడం లేదు. మానిటర్లు దించుకుంటూ, చెప్పుకుంటూ, చెప్పుకుంటూ పోతే చివరికి ఒక టీవీ పెట్టెకి నా చెవి ఆనింది. "నిన్న నీ కోడలికి కూడా చెప్పలేకపోయాను," అన్నాను. చెక్క లోపలి నుంచి, నా చెవి పక్కనే, "ఊ" అంది.

వెనక మూత పగలగొట్టాను. నా టంకమే. తీగలు కత్తిరించి స్పీకరుని సంచిలో వేసుకున్నాను.

అక్కణ్ణుంచి నేరుగా బుద్రమ్మ ఊరికి, దారి పొడుగునా బండి మీదా, తర్వాత కొండెక్కే నడకలోనూ గొంతెత్తి పాటలు పాడుకుంటూ వెళ్లాను. తాత పాటలకి ఊ కొట్టేవాడు కాదు. ఎదురైనవాళ్లు తాగి ఉన్నాననుకుని ఉంటారు.

బుద్రమ్మ అరుగు మీద నులక మంచంలో ఉంది. ఎముకలే మిగిలాయి. కొండమ్మ పక్కన ఉంది. స్పీకరు మంచం మీద పెట్టి, మొత్తం చెప్పాను. ఊ సంగతి కూడా చెప్పాను. కొండమ్మ ముఖం మాడిపోయింది. ముసలావిడ చాలాసేపు దాన్నే చూసింది.

"ఆ గుమ్మడికాయ తిన్నావేటి?" అంది.

"తిన్నాను."

మమ్మల్ని దూరంగా వెళ్లమని చెయ్యి ఊపింది. పెరటి దడి దగ్గర నిలబడ్డాం. ఆవిడ స్పీకరుని ఒళ్లో పెట్టుకుని, గోడవైపు తిరిగి, వాళ్ల భాషలో మాట్లాడింది. నాకు మాటలు తెలియవు. మొదట నెమ్మదిగా, తర్వాత దెబ్బలాడుతున్నట్టు. మధ్యమధ్య ఆగేది. ఆగినప్పుడల్లా తల కాస్త వంచేది. మళ్లీ మొదలుపెట్టేది. పొద్దు వాలేదాకా అలా సాగింది. తర్వాత పిలిచింది.

"నీకు ఊ అన్నాడా?"

"అన్నాడు."

"నాకు అన్నేదు," అంది. దగ్గుతో కలిపి నవ్వింది. "బతికున్నప్పుడూ అంతే. ఆ డబ్బాకే ఊ. నాను సెప్తే పక్కకి తిరిగిపోయీవోడు."

కొండమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

రాయి తెమ్మంది. చేతుల్లో సత్తువ లేదు, రాయి జారిపోతోంది. నేను పగలగొడతానని చెయ్యి చాచాను.

"నీ సేత్తో వొద్దు," అంది.

కాగితాన్ని వేళ్లతో చించింది. అయస్కాంతం మీద రాయి పెట్టి, కోడలు చెయ్యి తన చేతి మీద వేయించుకుని కొట్టింది, పగిలేదాకా. ఆ ముక్కల్ని వాళ్లే తీసుకెళ్లి తాత దగ్గర వదిలారు. నన్ను రమ్మనలేదు. దిసారి మళ్లీ గింజలు వేసి చూశాడని, దారయిందన్నాడని, ఆవిడ కొత్త కందులు ఉడికినవి ఒక పిడికెడు తిన్నదని కొండమ్మ పై సంతలో మా పక్క కొట్టువాళ్లకి చెబుతుంటే విన్నాను. నాకు చెప్పలేదు.

బుద్రమ్మ కోలుకుంది. మళ్లీ సంతకి రావడం మొదలుపెట్టింది. నా షాపు ముందునుంచే వెళ్లేది. ఎప్పుడూ ఆగలేదు, పలకరించలేదు. గెడ్డ ఒడ్డున కాల్చడం నేను మానేశాను. దానివల్ల ఆవిడకేమీ తిరిగి రాలేదు, ఆ నీళ్లకీ రాలేదు.

ఈ చప్పుడుకి కారణం కోసం నేను చాలా వెతుక్కున్నాను. స్పీకరు మైకులాగా మాటని అందుకోగలదు, అది మాకు తెలిసిన విషయమే. కానీ అందుకున్నదాన్ని కరెంటు లేకుండా తిరిగి పలకలేదు. తప్పు చేసినవాడి మనసే వాడికి చప్పుళ్లు వినిపిస్తుందని మా బంధువొకాయన, చదువుకున్నవాడు, అన్నాడు. చాలాకాలం నేనూ అదే పట్టుకుని వేలాడాను. కానీ సింహాచలం ఏ తప్పూ చేయలేదు. హాస్టలు పిల్లలకి దాసు తాత ఎవరో కూడా తెలియదు.

అన్నిటికన్నా నన్ను ఆపేది ఇంకొకటుంది. అది మనసు పుట్టించే చప్పుడే అయితే, అందరికన్నా ముందు ఆ ముసలావిడకి వినిపించాలి. అన్నేళ్లు ఎదురుచూసి, పొద్దు వాలేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆగి ఆగి, తల వంచి విన్నది. ఆవిడకి వినిపించలేదు. మోసం చేసినవాడికి వినిపించింది. ఎందుకో నేను ఇప్పటికీ చెప్పలేను.